గ్యుమిన్‌కి వచ్చిన వ్యాయామం బహుమతి

కొరియాలో యొంగ్జు అనే పట్నంలోని ఒక హైస్కూల్లో మోక్ హ్యన్‌సుక్ వ్యాయామం టీచరు. పరీక్షలొస్తే ఆమె పీరియడు లెక్కలవాళ్లు పట్టుకుపోతారు. పరీక్షలయ్యాక ఉపన్యాసాలు ఇచ్చేవాళ్లు పట్టుకుపోతారు. మిగిలిన రోజుల్లో పిల్లలు గ్రౌండులోకి వచ్చి, కాళ్లున్నాయన్న సంగతి అప్పుడే తెలిసినవాళ్లలా నిలబడతారు.

ఏటా చలికాలం సెలవుల ముందు ప్రిన్సిపాల్ తాక్ యంగ్‌బే ఒక సంబరం జరిపిస్తాడు. ఏ సబ్జెక్టులో ఎవరు మెరిశారో వాళ్లకి బహుమతి అని దాని ఉద్దేశం. కాగితం మీద అలాగే ఉంటుంది. స్టేజీ మీద మాత్రం బహుమతులన్నీ దారి తెలిసిన గొర్రెల్లా ఒకే కుర్రాడి ఒళ్లోకి నడిచి వెళ్తాయి. ఈ ఏడు ఆ ఒడి ప్యో గ్యుమిన్‌ది. వాళ్లమ్మ తల్లిదండ్రుల సంఘానికి అధ్యక్షురాలు.

ప్రిన్సిపాల్ హ్యన్‌సుక్‌ని గదికి పిలిపించి బార్లీ టీ పోయించాడు.

"అన్నీ ఖాయమయ్యాయి మోక్ టీచర్‌గారూ. మీదొక్కటే మిగిలింది."

"మా దాంట్లో ఓక్ దారే అనే పిల్ల ఉంది కదండీ. మూడేళ్లుగా కొండ చుట్టూ పరుగులో దాన్ని దాటినవాళ్లు లేరు."

"దారే పరిగెత్తి ఎక్కడికి పోతుందండీ? గ్యుమిన్ అయితే పెద్ద చదువుకి సియోల్ పోతాడు."

"బస్సులోనే కదా సార్ పోయేది."

ఆయన నవ్వలేదు. "అన్ని సబ్జెక్టుల్లోనూ మేటి అని గేటుకి కట్టే బ్యానర్ రాయించేశాను. అది వచ్చేసింది కూడా. అయినా వ్యాయామం అంటే పరిగెత్తడమేనా? స్ఫూర్తి అనేదొకటి ఉంటుంది."

"వాడి దగ్గర స్ఫూర్తి నాకు కనిపించలేదు సార్. గొడుగు కనిపించింది. ఎండలో దాని కింద కూర్చుని ఇంగ్లీషు మాటలు బట్టీ పడుతుంటాడు."

"మీరు సంతకం పెట్టకపోయినా పేరు చదువుతాం," అని ఆయన టీ కప్పు పక్కకి జరిపాడు.

బయటికొచ్చి ఆమె సంగీతం టీచరుని అడిగింది. "నువ్వెలా ఒప్పుకున్నావమ్మా?"

"వాడు క్లాసులో ఎప్పుడూ నోరు తెరవలేదక్కా. ఒక్క అపస్వరం కూడా వినలేదని రాసిచ్చాను," అందావిడ, ఏ మాత్రం సిగ్గు లేకుండా.

సంబరం రోజున వ్యాయామశాలలో బాస్కెట్‌బాల్ బుట్టలకి కాగితం పూలు చుట్టారు. ఏడాది పొడుగునా ఆ బుట్టలకి జరిగిన మర్యాద అదొక్కటే. ఒక్కో టీచరూ స్టేజీ ఎక్కి తన సబ్జెక్టులో మేటి గురించి రెండు మాటలు చెప్పాలి. కొరియన్ టీచరు గ్యుమిన్ భాషలో లోతుందన్నాడు. సైన్సు టీచరు వాడి కళ్లల్లో దేశ భవిష్యత్తు కనిపిస్తోందన్నాడు. ఆ కళ్లు అప్పటికి నిద్రతో మూతలు పడుతున్నాయి. చప్పట్లు కొట్టమన్నప్పుడల్లా పిల్లలు కొట్టారు. సంగీతం అయ్యేసరికి వాడు మెట్లెక్కే ఓపిక లేక స్టేజీ పక్కనే నిలబడిపోయాడు.

హ్యన్‌సుక్ మైకు అందుకుంది.

"గ్యుమిన్ మూడేళ్లలో గ్రౌండు చుట్టూ ఒక్క చుట్టు పూర్తి చేయలేదు. కాలు నొప్పి అనేవాడు. ఏ కాలు అని అడిగితే ఆలోచించుకునేవాడు. ఈ బహుమతి ప్రిన్సిపాల్‌గారు ఇస్తున్నది. నన్నడిగితే ఇది వెనక వరసలో కూర్చున్న ఓక్ దారేది."

పిల్లలు పగలబడి నవ్వారు. ఆ సంబరంలో ఎవరూ చెప్పకుండా పుట్టిన చప్పుడు అదొక్కటే. గ్యుమిన్ వాళ్లమ్మ లేచి బయటికి నడిచింది. వాడి చెవులు ఎర్రబడ్డాయి. ఏం చేయాలో చెప్పేవాళ్లు లేక, అలవాటు కొద్దీ చేతులు చాచి బహుమతి పుచ్చుకున్నాడు.

దారే సంతోషిస్తుందనుకుంది హ్యన్‌సుక్. ఆ పిల్ల ఆమెని గుమ్మం దగ్గర ఆపి, "మధ్యలో నన్నెందుకు లాగారు టీచర్? నేను అడిగానా? ఇప్పుడందరూ నన్ను చూసి అయ్యో పాపం అంటున్నారు," అనేసి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే గ్యుమిన్ గ్రౌండుకి వచ్చాడు. కాళ్లకి నల్ల తోలు బూట్లు, చేతిలో ఆ బహుమతి బిళ్ల. దాన్ని బెంచీ మీద పెట్టి పరుగు మొదలుపెట్టాడు. సగం చుట్టులో వంగి, పొద్దున తాగిన సూపు కక్కాడు. మిగతా సగం నడిచి వచ్చాడు.

"ఇప్పుడు ఇది నాదేనా టీచర్?"

"కాదురా."

"మరి ఇంకేం చేయాలి? సంగీతం మేడమ్ దగ్గరికెళ్లి పాట కూడా పాడి రావాలా?"

ఆమెకి నవ్వొచ్చింది, ఆపుకుంది. నిన్న అందరి ముందూ తను ఎవరి మీద ఉమ్మాలనుకుందో, అది ఎవరి మీద పడిందో అప్పుడు తెలిసింది.

"దారేకి ఇచ్చేయండి," అన్నాడు వాడు.

"నీ పేరు చెక్కిన బిళ్ల దానికెందుకు?"

వాడు దాన్ని సంచిలో కుక్కి ట్యూషన్ బస్సు కోసం పరిగెత్తాడు. ఈసారి బాగానే పరిగెత్తాడు.

వసంతం రాకముందే హ్యన్‌సుక్‌ని కొండ మీది ఒక చిన్న బడికి బదిలీ చేశారు. వీడ్కోలు సభలో ప్రిన్సిపాల్ ఆమె సేవలో స్ఫూర్తి ఉందన్నాడు. ఆమె తలవంచి నమస్కరించి, పూలగుత్తిని కుర్చీలోనే వదిలేసి బయటికి నడిచింది.