చిక్కుబడినవారి ప్రతినిధి

ఆ నెల పదకొండవ తేదీ, మంగళవారం ఉదయం, మూతపడిన ఒక పాఠశాలలోని సంగీతం గదిలో సహాయ సంఘం సమావేశమైంది. హాజరైనవారు: దౌత్య కార్యాలయంలో అధికారి అయిన అధ్యక్షుడు, ఆయన కింద పనిచేసే కార్యదర్శి అయిన ఒక నడివయసు మహిళ, కార్మికుల ప్రతినిధిగా ఒక క్రేన్ డ్రైవరు. పిలవకపోయినా వచ్చి గుమ్మంలో నిలబడినవాడు డ్రైవరు బావమరిది, వృత్తిరీత్యా టైల్స్ మేస్త్రి. చర్చనీయాంశం ఒక్కటే: సాయంత్రం లోపల సరిహద్దు దాటవలసిన ఆఖరి బస్సు.

గదిలో పెద్దవాళ్లు కూర్చోదగిన కుర్చీ ఒక్కటే ఉంది. అది అధ్యక్షుడిది. మిగిలినవి పసిపిల్లలవి. వాటిలో కూర్చున్నవారి మోకాళ్లు గడ్డానికి ఆనుకునేవి. ఆ భంగిమలో ఎవరూ దేనినీ గట్టిగా అడగలేరు. ఈ సౌకర్యాన్ని అధ్యక్షుడు మొదటిరోజే కనిపెట్టి, సమావేశం గది మారినప్పుడల్లా తన కుర్చీని వెంట మోయించుకుని వెళ్లేవాడు.

నగరంలో రెండు సేనలు కొట్టుకోవడం మొదలుపెట్టినప్పుడు యజమానులు కార్లలో, కార్మికులు కాలినడకన బయటపడ్డారు. కార్లు ఎటు పోయాయో తెలియదు. కాళ్లు మాత్రం ఈ బడిదాకా వచ్చాయి. వాళ్లను స్వదేశానికి చేర్చడానికి సంఘం ఏర్పడగానే అధ్యక్షుడు కిటికీ అద్దాలు అదురుతుండగా కూర్చుని నియమావళి రాశాడు. అందులో ఆయనకు ప్రాణప్రదమైనది ఏడవ నియమం. ప్రయాణికుల జాబితా మీద చిక్కుబడినవారు తమలోంచి ఎన్నుకున్న ప్రతినిధి సంతకం ఉండాలి. ప్రతినిధి తన పేరుకు గాని, తన బంధువుల పేర్లకు గాని సంతకం చేయరాదు. పక్షపాతానికి సందు లేకుండా చేశానని ఆయన మురిసిపోయాడు. అంతటితో ఊరుకోక, ఒక ప్రతికి ముద్ర వేసి సరిహద్దు కాపలా అధికారికి పంపాడు. ఆ అధికారి దురదృష్టవశాత్తు చదివే అలవాటున్నవాడు. ప్రతినిధిని ఎన్నుకోకముందు ఒకసారి, జాబితాలో సంతకం లేదని పెయింటర్లందరినీ బస్సుతో సహా వెనక్కి తిప్పి పంపాడు.

డ్రైవరును ప్రతినిధిగా ఎన్నుకున్నప్పుడు అతడు అక్కడ లేడు, నీళ్లు పట్టుకురావడానికి వెళ్లాడు. తిరిగివచ్చేసరికి అంతా ఏకగ్రీవమైపోయింది. ఆ తరువాత, ఈ పదవిని ఇంకెవరైనా పుచ్చుకోండని అతడు అడిగినప్పుడల్లా జనం ఒక్కుమ్మడిగా బూట్ల తాళ్లు బిగించుకోవడంలో మునిగిపోయేవారు. వచ్చిన ప్రతి బస్సుకూ అతడు సంతకం చేశాడు, సామాన్లు ఎక్కించాడు, చెయ్యి ఊపాడు. చివరికి బడిలో మిగిలినది తానూ, తన సంతకానికి నోచుకోని బావమరిదీ.

ఇంటి దగ్గర అతడి కూతురు, అతడు విమానమెక్కిన తరువాత పుట్టినది, అతణ్ణి 'ఫోన్ నాన్న' అంటుంది. సిగ్నళ్లు పోయాక ఆ నాన్న కూడా లేకుండాపోయాడు.

"మా అక్కను చేసుకున్నావు, సంతోషం," అన్నాడు బావమరిది గుమ్మంలోంచి. "అందువల్ల నేను యుద్ధంలో ఇరుక్కుంటానని పెళ్లి మాట్లాడుకునేటప్పుడు ఒక్కరైనా చెప్పలేదు బావా."

అధ్యక్షుడు అతణ్ణి వారించి, నియమాన్ని సవరించడానికి అనుమతి కోరుతూ పై కార్యాలయానికి రాశామని, పరిశీలిస్తున్నామని జవాబు కూడా వచ్చిందని, అది శుభసూచకమని వివరించాడు. అంతవరకు ఓపిక పట్టి తరువాతి బస్సుకు వెళ్లవచ్చునన్నాడు. తరువాతి బస్సు లేదని కార్యదర్శి గుర్తుచేసింది. అయితే దాని తరువాతిదానికి వెళ్లవచ్చునన్నాడు.

అప్పుడే వైర్‌లెస్ గరగరలాడింది. దౌత్య కార్యాలయాన్ని మూసివేశారట. సిబ్బంది దొరికిన వాహనంలో తక్షణం బయలుదేరాలట. కార్యాలయం కారును పైఅధికారి ముందే దొరికించుకున్నాడు. అధ్యక్షుడు లేచి వెళ్లి కిటికీలోంచి చూశాడు. ఆవరణలో బస్సు ఒక్కటే ఉంది, దాని ఇంజను కూడా నడుస్తోంది. ఆయన డ్రైవరు వైపు తిరిగాడు. అంతకాలంగా "నువ్వు" అంటున్నవాణ్ణి "మీరు" అన్నాడు.

"జాబితాలో మా ఇద్దరి పేర్లు రాయిస్తాను. మీరొక సంతకం పెట్టండి."

"దానికేముంది సార్, పెడతాను. మీరిద్దరూ నాకు చుట్టాలు కారు. మరి మా ఇద్దరికీ ఎవరు పెడతారు?"

కార్యదర్శి నియమావళి తెరిచి, చిక్కుబడినవారంటే ఎవరో అధ్యక్షుడు రాసిన నిర్వచనాన్నే ఆయనకు చదివి వినిపించింది. పనికోసం పరదేశం వచ్చి, పోరువల్ల తిరిగి వెళ్లలేకపోతున్న కార్మికులు. డ్రైవరు ముందు సిబ్బంది ఇద్దరి పేర్లకూ సంతకం చేసి రాజీనామా ఇస్తే, చిక్కుబడినవారిలో ఒకరైన అధ్యక్షులవారిని ప్రతినిధిగా ఎన్నుకోవచ్చునని, ఆయన డ్రైవరుకూ బావమరిదికీ సంతకం చేయవచ్చునని ఆమె చెప్పింది. అయితే ఆయన కార్మికుడని తీర్మానంలో స్పష్టంగా రాయాలి. లేకపోతే సరిహద్దులో చదివే మనిషి ఉన్నాడు.

అధ్యక్షుడి ముఖం కందిపోయింది. తాను వలస రాలేదని, నియమితుడై వచ్చానని అన్నాడు. ఆ కాగితం రేపు ఫైలులో చేరితే, తన వీడ్కోలు సభలో ఎవరైనా దానిని చదివితే ఏమవుతుందని అడిగాడు. ఆవరణలో బస్సు హారన్ కొట్టింది.

"తొందరేం లేదు సార్, ఆలోచించుకోండి," అన్నాడు డ్రైవరు చేతిలోని పెన్ను టోపీ తీయకుండానే. "నేనెలాగూ ఇక్కడే ఉంటాను."

అధ్యక్షుడు తలూపాడు. ముందు డ్రైవరు ఇద్దరి పేర్లకూ సంతకం చేశాడు. సిరా ఆరకముందే అధ్యక్షుడు గడియారం చూసుకుంటూ, మిగిలిన లాంఛనాలు దారిలో చూసుకుందామని రెండడుగులు వేశాడు. గుమ్మంలో బావమరిది కదలలేదు. "ఎన్నిక మిగిలింది సార్," అన్నాడు వినయంగా. వెనకనుంచి కార్యదర్శి కూడా, అసంపూర్తి తీర్మానంతో తాను బస్సెక్కనని, జాబితా తన సంచిలో ఉందని తెలియజేసింది.

వెనుదిరిగిన అధ్యక్షుడికి తన కుర్చీ కనిపించలేదు. ఆయన కాగితాల గొడవలో ఉండగానే బావమరిది దానిని మోసుకుపోయి బస్సు డ్రైవరు పక్కన వేసి వచ్చాడు, అది ఆయన వెంట వెళ్లేదే కదా అని. ఆయన పసిపిల్లల కుర్చీలో కూర్చున్నాడు. మోకాళ్లు గడ్డాన్ని తాకాయి. డ్రైవరు రాజీనామా ఇచ్చాడు, కార్యదర్శి ప్రతిపాదించింది, బావమరిది బలపరిచాడు. ఎన్నిక ఏకగ్రీవమైంది.

పెన్ను కాగితం మీద ఆనించి ఆయన తలెత్తాడు. "కార్మికుడు అన్నదానికి ముందు 'తాత్కాలికంగా' అని చేర్చవచ్చునా?"

"చేర్చండి సార్," అన్నాడు డ్రైవరు. "మేమందరమూ తాత్కాలికంగానే వచ్చాం."

కార్యదర్శి ఆ మాట చేర్చింది. చిక్కుబడినవారి ప్రతినిధి తీర్మానానికీ, జాబితాలోని మిగిలిన రెండు పేర్లకూ సంతకం చేశాడు. డ్రైవరు సిరా ఆరేదాకా ఊదాడు, కాగితాలను నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకున్నాడు, గుండీ పెట్టుకున్నాడు.