పీత కాలు కొరికే పళ్ళు

మా అక్క పళ్ళు చేస్తుంది. ఈ మాట వినగానే ఎదుటివాళ్ళు నోరు తెరుస్తారు, అక్క ఆ తెరిచిన నోట్లోకి చూసేస్తుంది. తప్పు తనది కాదు, పని అలాంటిది. పళ్ళ డాక్టర్లు నోటి అచ్చులు తీసి పంపిస్తే, వాటికి సరిపడా కట్టుడు పళ్ళు తయారుచేసే చిన్న ల్యాబులో ఉద్యోగం. ఊళ్ళో సగం మంది ముసలాళ్ళు మా అక్క పళ్ళతోనే నవ్వుతారు.

అలాంటి కూతురున్న ఇంట్లో మా నాన్న ఏడాది పాటు ఒక్క పన్ను లేకుండా గడిపాడు. చిగుళ్ళ జబ్బు చేసి డాక్టరు అన్నీ పీకేశాడు. పీకించుకున్నప్పుడు కిక్కురుమనలేదు గానీ, ఆ తర్వాతే మనిషి ముడుచుకుపోయాడు. మీసాలు పై పెదవిని కప్పేసేలా పెంచాడు. తాళాలు బాగుచేసే కొట్టులో గిరాకీలతో చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడేవాడు. ఇంట్లో మేమంతా తిని లేచాక, వంటింట్లో గోడవైపు తిరిగి కూర్చుని, పిసికిన అన్నమో ఉడికించిన బంగాళాదుంపో మింగేవాడు. ఒకప్పుడు భోజనాల దగ్గర అందరికంటే పెద్ద గొంతు ఆయనదే. ఆ గొంతు లేక మా బల్ల చావింటిలా ఉండేది. నాకు ఒళ్ళు మండిపోయేది.

నాకు ఒళ్ళు మండడం తేలిక. డ్రైవింగ్ నేర్పిస్తాను. పక్క సీట్లో కూర్చుంటే నా కాలి కింద ఇంకో బ్రేకు ఉంటుంది. ఇంటికొచ్చాక కూడా ఎవరైనా అడ్డదిడ్డంగా పోతుంటే నా కాలు నేలని తొక్కుతూనే ఉంటుంది.

ఇంతలో నా పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు నా దగ్గరే కారు నేర్చుకున్నాడు. ముందుకు నడపడం వచ్చేలోపే వెనక్కి నడపడంలో ఆరితేరాడు గనక మా ఇంట్లో అందరూ అతన్ని ‘రివర్సు’ అంటారు. అతని తల్లి ఈత నేర్పే కోచ్. కొలను ఈ గట్టు మీద నుంచి ఆ గట్టుకి వినిపించే గొంతు. ఆవిడ కట్నాలూ కానుకలూ అడగలేదు, ఒక్కటే అడిగింది.

“పెళ్ళికి ముందు రెండు ఇళ్ళవాళ్ళం ఒక్కసారి ఆ వేపుడు చేపల హోటల్లో కూర్చుని తిందాం వదినగారూ. చేతులతో, మొహమాటం లేకుండా. కలిసి తింటేగానీ మనుషులు నాకు అర్థం కారు.”

అమ్మ సరేనంది. నాన్న మాత్రం మీసాల చాటునుంచి, “మీరు వెళ్ళిరండి. కొట్టు మూసి రావడం కుదరదు,” అన్నాడు.

“నువ్వు నా పక్కన కూర్చోకపోతే నేనూ వెళ్ళను,” అన్నాను. “నా పెళ్ళి విందు మొత్తం నువ్వు గోడ చూస్తూ తింటావా నాన్నా? నాకలా వద్దు.”

ఆయన మీసాలు దువ్వుకుంటూ కొట్టుకి వెళ్ళిపోయాడు. కానీ మర్నాడు పొద్దున అక్కతో పాటు డాక్టరు దగ్గరికి వెళ్ళాడు.

అక్క ఆ పళ్ళని ఎంత ప్రేమగా చేసిందో నేను చూశాను. నాన్న పాత పన్నొకటి కొంచెం పక్కకి తిరిగి ఉండేది, దాన్ని అలాగే తిప్పి పెట్టింది. తీరా పెట్టుకున్నాక అద్దంలో బాగానే ఉన్నాయి. రొట్టె కొరికితే మాత్రం టకటకమని ఒకటే చప్పుడు.

“గుర్రబ్బండి వస్తోందేమో అనుకున్నా,” అంది అమ్మ.

అమ్మకి నవ్వడం ఆపుకోవడం చేతకాదు. నాన్న పళ్ళు తీసి, రుమాల్లో చుట్టి, బీరువాలో పెట్టేశాడు.

అక్క వాటిని ల్యాబుకి పట్టుకెళ్ళి తిప్పి తిప్పి చూసింది. సాయంత్రం వచ్చి, “తప్పు దొరికింది నాన్నా. డాక్టరుగారు కొరకమన్నప్పుడు నువ్వు మర్యాదగా కొరికావు,” అంది.

“మర్యాదగా కొరకడమేంటి పెద్దమ్మడూ?”

“ఫోటోకి కూర్చున్నట్టు. కొత్తవాళ్ళ ముందు దవడ ముందుకి పెట్టి, ఒద్దిగ్గా. నేను ఆ కొరుకుడికి పళ్ళు అమర్చాను. నువ్వు తినేటప్పుడు దవడ ఇంకోచోట ఉంటుంది.”

“అయితే ఇప్పుడు సరిగ్గా కొరుకుతాను, చూసుకో,” అని నాన్న వెంటనే ఫోటోకి కూర్చున్నట్టు కూర్చున్నాడు.

చూస్తున్నారని తెలిస్తే చాలు, ఆయన దవడ బుద్ధిమంతురాలైపోతుంది. ఇంటి వంటలతోనూ లాభం లేదు. ఏ ముద్దలో ఏముందో ఆయనకి తెలుసు, ముందే జాగ్రత్త పడతాడు. ఎప్పుడూ తినని తిండి పెట్టాలి, ఆయన తనని తాను మరిచిపోయి తినాలి, అప్పుడు ఎక్కడ తగులుతోందో పట్టుకోవాలి. అక్క తీర్మానం ఇది. తన సంచిలో ఒక సన్నటి ఆకురాయి, నీలం కాగితాలు వేసుకుంది. ఆ కాగితాన్ని కొరికితే పన్ను ఎత్తుగా ఉన్నచోట నీలం మరక పడుతుంది, అక్కడ అరగదీయాలి. అంతే వైద్యం.

మొదట మా డ్రైవింగ్ స్కూలు వెనక సందులో ఉన్న నూడుల్స్ హోటల్‌కి వెళ్ళాం. నాన్న మూలబల్ల చూసుకుని గోడవైపు కూర్చున్నాడు. చారులో తేలే, సోయా పాలతో చేసిన మెత్తటి టోఫు ముక్కలు సులువుగా జారిపోయాయి. నూడుల్స్ దగ్గర వచ్చింది అసలు తంటా. ముందు పళ్ళతో తెంపాలని ఆయనకి తోచలేదు. ఒక పోగు పట్టుకుని పీల్చడం మొదలుపెట్టాడు. అది ఎంతకీ అవదు. చివరి కొస చటుక్కున వచ్చి మీసాల మీద చారు చిందించింది.

“ఇదేం తిండే, తాడు లాగినట్టుంది!” అన్నాడు.

కళ్ళు మెరుస్తున్నాయి. ఇంకో పోగు పట్టుకున్నాడు.

అక్క బల్ల కింద నుంచి నీలం కాగితం అందించింది. బల్ల దగ్గర కొరకడానికి ప్రాణం పోయినా ఒప్పుకోడు గనక, చేతుల్లో దాచుకుని చేతులు కడుక్కునే గదివైపు వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి. హోటలామె గాభరాగా పరుగెత్తుకొచ్చింది.

“అయ్యో, పెద్దాయనకి మా తిండి పడలేదా? అంబులెన్సు పిలవనా?”

అమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

తర్వాత ఆవిరి కుడుముల కొట్టు. పలచటి పిండి తొడుగులో మాంసమూ వేడి రసమూ పెట్టి ఉడికిస్తారు. నాన్న ఒకటి మొత్తం నోట్లో వేసుకున్నాడు. రసం చిమ్మి నాలుక కాలింది. ఉఫ్ ఉఫ్ అంటూనే రెండోది తీసుకున్నాడు, ఆ తర్వాత వెదురుబుట్ట తన వైపు లాక్కున్నాడు. అక్క అరగదీసినచోట ఇప్పుడు చప్పుడు తగ్గింది. ఇంటికి వస్తూ దారిలో నాన్న సన్నగా ఈల వేశాడు. నేనూ అక్కా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ ఈల విని ఎన్నాళ్ళయిందో.

మూడోచోట మా నోటికాడి కూడు జారింది. ఎర్రటి కారపు రసంలో బియ్యప్పిండి ముక్కలు, జిగురు జిగురుగా ఉంటాయి. నేనే అడిగి తెప్పించాను. నాన్న కొరికాడు, నోరు తెరవబోయాడు, పై పళ్ళ సెట్టు మొత్తం ఆ జిగురుకి అంటుకుని ఊడివచ్చింది. చప్పున నోరు మూసుకున్నాడు. ఎవరూ చూడలేదు. అయినా ఆయన మొహంలో నెత్తురు లేదు. మేం లేచేదాకా అలాగే బిగుసుకుని కూర్చుని, కారెక్కాక రుమాలులో ఉమ్మేశాడు.

“ఇంక చాలు,” అన్నాడు. “ఆ విందుకి నేను రాను.”

నాకు తిక్క రేగింది. కారు పక్కకి ఆపేశాను.

“ఒక జిగురుముక్కకి భయపడి నన్ను వదిలేస్తావా? జనం బండెడు బరువు మోస్తూ బతుకుతున్నారు, నువ్వు రెండు వరసల పళ్ళు మోయలేవా?”

“నవ్వుతారే చిన్నమ్మడూ.”

“ఎవరు?”

“ఎవరైనా. నేనూ నవ్వేవాణ్ణిగా ఒకప్పుడు, పళ్ళూడినవాళ్ళని చూసి.”

నా కోపమంతా చప్పబడిపోయింది. అక్క వెనక సీట్లోంచి చెయ్యి చాపి నాన్న భుజం మీద వేసింది. మిగిలిన దారి నేను నెమ్మదిగా నడిపాను.

విందు రోజు ఆయన వస్తాడని నాకు నమ్మకం లేదు. నేను తయారై బయటికి వచ్చేసరికి, ఇస్త్రీ చొక్కా వేసుకుని కారులో ముందు సీట్లో కూర్చుని ఉన్నాడు. మీసాలు కాస్త కత్తిరించుకున్నాడు. వెళ్ళి మెడ పట్టుకుని ముద్దు పెట్టుకున్నాను.

“చొక్కా నలుగుతుంది,” అన్నాడు.

వేపుడు చేపల హోటల్లో బల్లల మీద గుడ్డలుండవు, కాగితాలు పరుస్తారు. పళ్ళేలు కూడా లేకుండా, వేయించినవన్నీ వేడివేడిగా తెచ్చి ఆ కాగితం మీదే కుమ్మరిస్తారు. చేప ముక్కలు, రొయ్యలు, ఉంగరాల్లా కోసిన స్క్విడ్, మధ్యలో ఎర్రగా వేగిన పీతలు. కరకరమనే చప్పుడు ప్రతి బల్ల నుంచీ వస్తోంది. ఇక్కడ మెత్తటిదంటూ ఏదీ లేదు.

నాన్న నా పక్కన కూర్చుని చేపముక్కని వేళ్ళతో తుంచి, చిన్నచిన్నగా నోట్లో వేసుకుంటున్నాడు. కాబోయే అత్తగారు రొయ్యల తలలు విరుస్తూనే అన్నీ గమనిస్తోంది.

“అన్నయ్యగారూ, పీత ముట్టరేం?”

“తింటానండీ, తింటాను,” అన్నాడు నాన్న, చెయ్యి అడ్డం పెట్టుకుని.

రివర్సుకి ఏదో అనుమానం వచ్చినట్టుంది. పాపం, సాసు గిన్నె ఆయన వైపు జరిపాడు. చేప ముక్క అందులో ముంచి నానబెట్టుకోమని కాబోలు. నేను బల్ల కింద అతని కాలు తొక్కాను.

అప్పుడే అత్తగారు ఏదో మాటల్లో మాటగా, “తాళాలదేముందండీ, మా ఈతకొలను దగ్గర అల్మారాలు పిల్లలు తలపిన్నుతో తీసేస్తారు,” అంది.

నాన్న తుంచడం ఆపేశాడు.

“అవి తాళాలు కావండీ. రేకు బొమ్మలు.”

“మంచి కంపెనీవే కొన్నాం.”

“డబ్బా మంచిదై ఉంటుంది. లోపల తాళంచెవిని పట్టే పిన్నులు ఎన్నున్నాయో చూశారా?” అంటూ నాన్న చెయ్యి దించేశాడు. ఒక స్క్విడ్ ఉంగరం తీసి, “ఇది తాళం అనుకోండి,” అని ఆవిడకి చూపించి, చూపించడం అయిపోగానే నోట్లో వేసుకుని నమిలేశాడు. పీత కాలు తీసుకుని, “ఇది తాళంచెవి,” అన్నాడు. గొంతు పెరిగింది. ఆవిడా తగ్గలేదు. ఇద్దరూ బల్ల మీదకి వంగి వాదించుకుంటున్నారు. పక్క బల్లవాళ్ళు తిరిగి చూస్తున్నారు. నాన్నకి ఏమీ పట్టలేదు. మాట మధ్యలో దవడ పక్కకి తిప్పి ఆ పీత కాలుని ఫెళ్ళున కొరికాడు.

అక్క నా మోకాలు పట్టుకుని నొక్కింది.

“అదీ! అదీ నాన్న అసలు కొరుకుడు,” అంది గుసగుసగా.

మరుక్షణం, టక్.

చప్పుడు బల్లంతా వినిపించింది. నాన్న మొహం నొప్పితో ముడుచుకుంది. చెయ్యి నోటి మీదకి వెళ్ళింది. వాదన ఆగిపోయింది. అందరూ ఆయన వైపే చూస్తున్నారు. నా కాలు నేల మీద లేని బ్రేకుని తొక్కుతోంది. నాన్న చేతులు కడుక్కునే గది తలుపువైపు చూశాడు. ఇక లేచి వెళ్ళిపోతాడు, తిరిగి రాడు అనుకున్నాను.

ఆయన చేతిలోని పీత కాలు వైపు చూసుకున్నాడు. ఇంకా సగం మాంసం అందులోనే ఉంది.

“పెద్దమ్మడూ, నీలం కాగితం ఉందా?” అన్నాడు.

అక్క సంచిలోంచి తీసిచ్చింది. నాన్న అక్కడే, అందరి ముందూ, దాన్ని పళ్ళ మధ్య పెట్టుకుని కసిగా కొరికాడు. కింది సెట్టు తీశాడు. గ్లాసులో నీళ్ళతో కడిగి, మరక చెరగకుండా తుడిచి, కొట్టులో తాళంచెవిని చూసినట్టే వెలుతురుకి ఎత్తి పట్టుకుని ఒక కన్ను మూసి చూశాడు.

“ఏమండీ, తినేచోట!” అంది అమ్మ.

“తినేచోట కాకపోతే ఇంకెక్కడ? కొత్త తాళంచెవి ఎక్కడ పట్టేస్తోందో తాళం దగ్గరే చూస్తాం,” అన్నాడు నాన్న. కింది పళ్ళు లేక మాటలో గాలి పోతోంది, అయినా ఆపలేదు. “ఇదుగో, ఇక్కడ తగులుతోంది. ఆకురాయి ఇటివ్వు.”

“నేను చేస్తాను నాన్నా.”

“నువ్వు చోటు చూపించు, నేను గీస్తాను. రోజూ తాళంచెవులు గీసే చెయ్యిది.”

ఇద్దరి తలలూ దగ్గరికొచ్చాయి. ఆకురాయి సన్నగా గీరుతోంది. నేను మాత్రం కాబోయే అత్తగారి మొహమే చూస్తున్నాను. ఆవిడ లేచి నిలబడింది. అమ్మ కళ్ళు మూసుకుంది.

ఆవిడ బల్ల చుట్టూ తిరిగి నాన్న వెనక్కి వచ్చి, ఫోను లైటు వేసి ఆయన చేతుల మీదకి పట్టింది.

“కుడివైపు ఇంకాస్త మరకుంది అన్నయ్యగారూ. ఇవి ఎవరు చేశారండీ? ఆ వంకర పన్ను చూస్తే అచ్చం పుట్టుకతో వచ్చినట్టుంది!”

“మా పెద్దమ్మాయి,” అన్నాడు నాన్న. “నా వంకర కూడా వదల్లేదు, చూశారా?”

ఆ మాటకి ఆవిడ కొలను గొంతుతో నవ్వింది. నాన్న కూడా నవ్వాడు. చెయ్యి అడ్డం లేదు, మీసాల చాటు లేదు. మిట్టమధ్యాహ్నం, నిండు హోటల్లో, కింది బోసి చిగుళ్ళు కనబడేలా తల వెనక్కి వాల్చి పకపకా నవ్వాడు. పక్క బల్లవాళ్ళూ నవ్వారు. ఆయన వాళ్ళ వైపు తిరిగి ఆకురాయి ఊపాడు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా, దాచుకోలేదు. రివర్సు తన చేతులు జిడ్డుగా ఉన్నా పట్టించుకోకుండా నా కళ్ళు తుడవబోయి, మొహమంతా నూనె పూశాడు.

నాన్న పళ్ళు కడిగి పెట్టుకున్నాడు. దవడ అటూ ఇటూ ఆడించాడు. పీత కాలు కొరికాడు. పెంకు విరిగిన చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. అక్క ఊపిరి పీల్చుకుంది.

కాసేపటికి కాగితం మీద పెంకులే మిగిలాయి. అమ్మ సంచి సర్దుకుని, ఇక లేద్దామా అన్నట్టు అందరి వైపూ చూసింది. నాన్న కుర్చీ ఇంకాస్త ముందుకి జరుపుకుని వడ్డించే మనిషిని పిలిచాడు.

“ఇంకోసారి పీతలు తెండి. తాపీగా వేయించండి, పర్లేదు. మేం ఇప్పట్లో లేవం.”