రాబందుల నీడలు

పశువుల ఆసుపత్రి కాంపౌండరు రిటైరై ఏడేళ్లయినా, పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వాకిట్లో కుర్చీ వేసుకుంటాడు. మనవరాలిని స్కూలు బస్సెక్కించడమే ఇప్పుడు ఆయనకున్న ఉద్యోగం.

ఆ ఊళ్లో రాబందులు అంతరించి ఇరవై ఏళ్లయింది. నీడలు మాత్రం మిగిలాయి. పైన ఖాళీ ఆకాశం, కింద నేల మీద గుండ్రంగా తిరిగే నల్లటి రెక్కలు. ఏ కొట్టం చుట్టూ తిరిగితే అక్కడి గేదెకు నూకలు చెల్లినట్టే. రైతు ఓ నిట్టూర్పు విడిచి, కళేబరాన్ని ఊరి బయట పడేయడానికి ముందే బండి మాట్లాడుకునేవాడు. నీడలు ఎన్ని వచ్చి ఏం లాభం, మాంసం ముట్టలేవు కదా! ఆ తిండంతా కుక్కల పాలైంది. తిని తిని బలిసి మందలు కట్టాయి. కర్ర లేకుండా ఆ దారిన నడిచే మొనగాడు లేడు.

ఆ మంగళవారం మనవరాలు గేటు దాటగానే నీడలు దాని చుట్టూ చేరాయి.

"తాతయ్యా, నాకు గొడుగు పట్టాయి!" అని నవ్వింది.

కాంపౌండరుకు పై ప్రాణాలు పైనే పోయాయి. పిల్లకు జ్వరం లేదు, గంతులేస్తోంది. బస్సును పంపించేసి, కుర్చీలో కూర్చోబెట్టి, కాళ్లూ చేతులూ తడిమాడు. ఎడమ సాక్సు కిందికి లాగితే పిక్క మీద రెండు గాట్లు.

"ఎప్పుడు కరిచిందే?"

"మొన్న. చిన్న కుక్కే తాతయ్యా. చెబితే ఇంజక్షన్ వేయిస్తావని..."

వెంటనే పిల్లను ఎత్తుకుని రోడ్డు మీదికొచ్చాడు. ఆటో ఎక్కించాడు. దారి పొడవునా నీడలు వెంటే వచ్చాయి. డాక్టరమ్మ గాయాన్ని సబ్బుతో కడిగి, గాయం చుట్టూ ఒకటి, భుజానికి ఒకటి ఇంజక్షన్ చేసింది.

"ఇంకో నాలుగు రోజులు ఆగుంటే మా చేతుల్లో కూడా ఉండేది కాదు. ఎలా కనిపెట్టారండీ?"

"నీడలొచ్చాయమ్మా."

"అదీ మంచిదే అయింది," అని ఆవిడ మిగతా డోసుల తేదీలు రాసిచ్చింది.

బయటికొచ్చేసరికి ఆవరణంతా ఎండ, నీడల జాడ లేదు. ఒకసారి పట్టిన నీడలు వదిలిపోవడం ఆ ఊళ్లో అంతవరకు ఎవరూ చూడలేదు.

"రాబందులు ఎలా చచ్చిపోయాయి తాతయ్యా?" అంది పిల్ల, భుజం రుద్దుకుంటూ.

ఏదో తెగులొచ్చిందని ఇన్నాళ్లూ అందరికీ చెప్పినట్టే దానికీ చెప్పబోయాడు. మనసొప్పలేదు.

"పశువులకు నొప్పులు తగ్గాలని ఓ ఇంజక్షన్ వేసేవాణ్ణి. ఆ పశువులు చచ్చాక వాటిని తిన్న రాబందులకు ఆ మందే విషమైంది."

"నీకు తెలీదా మరి?"

"మొదట్లో తెలీదమ్మా. తెలిశాక కూడా, ఉన్న మందు వృథా అవుతుందని ఇంకో ఏడాది వేశాను."

ఆ మాట పోయిన భార్యకు కూడా ఆయన ఏనాడూ చెప్పలేదు. చెప్పాక ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు.