రెండు వందల పన్నెండు గంటలు

ఫ్యాక్స్ మంగళవారం పదకొండింటికి ఆఫీసుకి వచ్చింది. నైరోబీలోని ఫ్లయింగ్ స్కూల్ పంపిన ఆ కాగితంలో ఆరే వాక్యాలు. లోహిత్ మూడో వాక్యం దగ్గర ఆగిపోయాడు.

‘విద్యార్థులకు విమానం నేర్పినట్టు మీరు చూపిన 212 గంటలూ మేము తెప్పించుకున్న మీ పాత క్లబ్బు రిజిస్టర్ నకలులో కెప్టెన్ సుబ్రహ్మణ్యం పేరు మీద ఉన్నాయి. శుక్రవారంలోగా వివరణ పంపండి.’

ఇన్‌స్ట్రక్టర్ ఉద్యోగానికి ఆ స్కూల్ అడిగిన అనుభవం రెండు వందల గంటలు. ఆ గంటలు పోతే ఉద్యోగం పోయినట్టే.

లోహిత్‌కి ఇరవై తొమ్మిదేళ్లు. విమానం నేర్పే అర్హత ఉంది, నేర్పడానికి విమానం లేదు. అతను పనిచేసిన వినువీధి ఫ్లయింగ్ క్లబ్బు మూతపడి రెండేళ్లయింది. ఆరు నెలలుగా సైబర్ టవర్స్‌లో, అమెరికా డాక్టర్లు టేపుల్లో చెప్పింది టైపు చేస్తున్నాడు. ఇరవై మూడు దేశాలకు దరఖాస్తులు పెడితే జవాబిచ్చింది నైరోబీ ఒక్కటే. నేర్పే అర్హత అయిన ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ ఈ నెలాఖరుతో ముగుస్తుంది. ఆ తర్వాత అతన్ని ఎవరూ పిలవరు.

తలనొప్పని చెప్పి బయటపడ్డాడు. గేటు దగ్గర సెక్యూరిటీ ఓదెలు సెల్యూట్ కొట్టాడు.

“ఏంది విమానం సారూ, ఆఫ్రికా ఎప్పుడు పోతున్నవ్? జర నాకో జీబ్రా పంపు, బర్లతోని కట్టేస్త.”

“ముందు నన్ను పోనీ ఓదెలూ.”

“గిట్ల మొహం ఏలాడేస్తే పైలట్‌వని ఎవడు నమ్ముతడు సారూ!”

స్కూటర్ కొత్తగూడలో ఓ రెండు గదుల వాటా ముందు ఆగింది. కెప్టెన్ సుబ్రహ్మణ్యం అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. లోహిత్‌కి విమానం నేర్పింది ఆయనే. ఫ్యాక్స్ చదివి కళ్లజోడు తీశాడు.

“ఆ రిజిస్టర్‌లో చేతిరాత నీదేగా?”

“నాదేనండి.”

1996లో కెప్టెన్‌కి సుగరు బయటపడింది. ఇన్సులిన్ వాడుతున్నాడని తెలిస్తే లైసెన్సు ఉండదు. ఆయన ఎవరికీ చెప్పలేదు, లోహిత్‌కి తప్ప. ఆయన విమానాలుంచే హ్యాంగర్ నీడలో కుర్చీ వేసుకుని కూర్చుంటే, విద్యార్థులతో పైకెళ్లింది లోహిత్. సాయంత్రం రిజిస్టర్ రాసేదీ అతనే. ఇన్‌స్ట్రక్టర్ అన్న గడిలో గురువుగారి పేరు రాసేవాడు. అలా రాయకపోతే ఆయన రేటింగ్ నిలవదు. ఎవరూ రాయమనలేదు. మొదటి రోజు కెప్టెన్ ఆ పేజీ చూసి, ఏమీ అనకుండా సంతకం పెట్టాడు. ఇంటికెళ్లి తన సొంత లాగ్‌బుక్‌లో మాత్రం లోహిత్ నిజం రాసుకున్నాడు. ఏదో ఒకనాడు రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూస్తారని ఇద్దరికీ తోచలేదు.

“ఆ గంటలు నావేనని మీరో ఉత్తరం ఇవ్వాలండి.”

లోపల్నుంచి కెప్టెన్ భార్య పుణ్యవతి వచ్చింది.

“ఇస్తే ఏమవుతుందో తెలుసా బాబూ? ఒకటో తారీఖు నుంచి గచ్చిబౌలిలో కొత్త ఇన్‌స్టిట్యూట్‌లో క్లాసులు చెప్పడానికి ఈయన్ని రమ్మన్నారు. ఈ సంగతి తెలిస్తే గడప తొక్కనిస్తారా?”

“నువ్వు లోపలికెళ్లు పుణ్యం.”

“వెళ్తానండి. మీరు మాత్రం ఆ పెన్ను ముట్టుకోకండి.”

కెప్టెన్ ముట్టుకున్నాడు. సుగరు సంగతి, కుర్చీ సంగతి, రిజిస్టర్ లోహిత్ నింపిన సంగతి, అన్నీ రాశాడు. “నైరోబీ వాడు ఇవి చదివి ఊరుకుంటాడు, మన ఊరికెందుకు చెప్తాడు?” అంటూ సంతకం చేశాడు. లోహిత్ ఆయన కాళ్లకు దండం పెట్టాడు. పుణ్యవతి వంటింట్లోంచి బయటికి రాలేదు.

మధ్యాహ్నానికల్లా ఫ్యాక్స్ వెళ్లింది.

బుధవారం జవాబు లేదు. గురువారం లేదు. శుక్రవారం భోజనాల వేళ మెషిన్ కదిలింది.

‘కెప్టెన్ సుబ్రహ్మణ్యం తన జబ్బు దాచారు, ఎక్కని విమానాలకు సంతకాలు పెట్టారు. ఇదంతా ఆయన రాతలోనే ఉంది. అలాంటి వ్యక్తి ఇచ్చే ధ్రువీకరణను మేము తీసుకోలేము. రిజిస్టర్‌ను తప్పుగా నింపింది మీరేనని కూడా ఆ ఉత్తరమే చెబుతోంది. మీ దరఖాస్తు మూసివేశాం. నిబంధన ప్రకారం ఉత్తరం నకలును మీ దేశపు విమానయాన అధికారులకు పంపాం.’

ఆ గంటలకు స్కూలు ఒప్పుకునే సాక్షి ఒక్కడే. నిజం చెప్పడంతోనే సాక్షిగా పనికిరాకుండా పోయాడు.

లోహిత్ రెండోసారి చదవలేదు. రిసెప్షన్‌లో ఫోన్ మోగింది. అమ్మాయి అతని వైపు రిసీవర్ చాచింది. కొత్తగూడ ఎస్టీడీ బూత్ నుంచి కెప్టెన్.

“ఏరా లోహితూ, టిక్కెట్టెప్పుడు?”

“కుదరలేదండి. కొట్టేశారు.”

“నా ఉత్తరం చూసి కూడానా?”

“చూశాకే కొట్టేశారండి. మీ ఉత్తరం నకలు ఢిల్లీకి పంపారట.”

అవతల బస్సు హారన్లు వినిపించాయి. బూత్ మీటరు టిక్కుటిక్కుమంటోంది.

“ఢిల్లీకా,” అన్నాడు కెప్టెన్. “అయితే గచ్చిబౌలి వాళ్లకి నేనే ఫోన్ చేసి రానని చెప్పేస్తాను. వాళ్లు అనేదాకా ఎందుకు?”

“నన్ను క్షమించండి సార్.”

“పుణ్యానికి ఏం చెప్పాలో చూస్తాలే. నువ్వు కొన్నాళ్లు ఇటు రాకు.” ఫోన్ పెట్టేయబోతూ, “భోంచేశావా?” అన్నాడు.

“చేశానండి,” అన్నాడు లోహిత్. క్యారేజీ ఇంకా తెరవలేదు.