గోడ నడుమ పసుపు

బడి ప్రహరీ పక్కనుంచే కదా నడిచొచ్చారు? ఏం చూశారో చెప్పండి. వాన మరక అని మాత్రం అనకండి. ఆ మాట వింటే మేస్త్రమ్మ నిచ్చెన దిగొచ్చి మరీ దులిపేస్తుంది.

ఆ గోడకి సున్నం కొట్టింది అత్తాకోడళ్లిద్దరు. అత్తే మేస్త్రమ్మ. పొద్దున్నే గోడ తడపడం, సున్నంలో జిగురూ చిటికెడు నీలిమందూ కలిపి వడగట్టడం, కుంచె పట్టడం. రోజూ అదే పని. కోడలికి ఐదో నెల. "నిచ్చెన నాది, నేల నీది," అని అత్త ముందే పంచేసింది. నడుమెత్తు దాకా కోడలు, ఆ పైన అత్త.

కోడలి చేతికి ఒక గుణం ఉంది. ఆమెకు ఏళ్లుగా కాలేయం జబ్బు. అది అణిగి ఉంటే ఆమె కొట్టిన సున్నం మల్లెపువ్వులా ఆరుతుంది. రేగితే పసుపుగా ఆరుతుంది. పని చెప్పడానికి వచ్చినవాళ్లు, "అమ్మాయి ఒంట్లో బావుందా?" అని అడిగాకే రంగు మాట ఎత్తేవారు.

"ఆ కాలేయంతో కడుపేమిటి?" అని నోరు పారేసుకున్నవాళ్లకు లోటు లేదు. డాక్టరమ్మ మాత్రం, "జబ్బు చాలాకాలంగా అణిగే ఉంది. కనొచ్చు. నీ ఒంటి కాపలావాళ్లే కాలేయాన్ని దొంగనుకుని కొడుతున్నారు. ఈ మాత్రలు వాళ్ల చేతులు పట్టుకుంటాయి. మానొద్దు," అంది.

పచ్చి సున్నం ఎవరు కొట్టినా మబ్బుగానే ఉంటుంది. ఆరితేనే అసలు రంగు. గేటు దగ్గర మొదలెట్టిన గోడ తెల్లగా ఆరుతూ వచ్చింది. ఒకరోజు పొద్దున చూస్తే, ముందురోజు కొట్టినదాంట్లో పైభాగం తెలుపు, కిందిభాగం పసుపు.

"నీలిమందు తగ్గిందేమో అత్తయ్యా," అంది కోడలు బకెట్లోకి చూస్తూ.

"ఇద్దరికీ ఒకటే బకెట్టే పిల్లా! నాకు సరిపోయింది నీకు చాల్లేదా? మాత్రలేవి?"

కోడలు కుంచె కింద పెట్టింది. "మానేశాను. బిడ్డకేమన్నా అవుతుందేమోనని భయమేసింది. నాకేమైనా ఫర్వాలేదు..."

"నోర్ముయ్! నువ్వు కూలితే అది ఎక్కడుంటుందే, నా నిచ్చెన మీదా?" ఆ గొంతు బడి లోపలి దాకా వినిపించింది. కోడలి చేతికంటిన సున్నం తన తువ్వాలుతోనే తుడిచి, మేస్త్రమ్మ ఆస్పత్రికి నడిపించింది.

డాక్టరమ్మ రక్తం తీయించి చూసి, తిట్టాల్సినంత తిట్టి, మందులు మళ్లీ మొదలెట్టించి, కొన్నాళ్లు పడుకోమంది. అన్నాళ్లూ మేస్త్రమ్మ గోడ ముట్టలేదు. "నా కోడలి గోడ. అదే వచ్చి కొడుతుంది," అంది హెడ్మాస్టరుతో.

కోడలు తిరిగి కుంచె పట్టాక, పసుపు నిమ్మపండు రంగుకీ, నిమ్మపండు వెన్న రంగుకీ దిగింది. చివరి మూలకి చేరేసరికి కళ్లు చెదిరే తెలుపు.

పుట్టింది ఆడపిల్ల. పిట్టంత ఉంది గానీ గొంతు అచ్చం నాయనమ్మదే.

"కాన్పయిందిగా, ఇంకా మాత్రలెందుకే?" అంది పక్కింటావిడ. కోడలు బిడ్డనెత్తుకుని, ఆవిణ్ణి తీసుకొచ్చి ఆ పసుపు ముందు నిలబెట్టింది. ఆవిడ మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

హెడ్మాస్టరు మాత్రం అడుగుతూనే ఉన్నాడు. "ఆ కాస్త మేరా ఇంకో పూత వేసేయకూడదటమ్మా?"

"గోడంతా చెరిపి మళ్లీ కొట్టమన్నా కొడతాను సారూ, ఆ కాస్తా తప్ప," అంటుంది మేస్త్రమ్మ, మనవరాలిని భుజం మీదకి ఎత్తుకుంటూ. "నా ఇల్లు నిలబెట్టిన గోడ అది."

సున్నం ఇదిగో, కుంచె ఇదిగో. మీరైతే వేస్తారా?