చిన్నప్ప పార్సిలు

రాగి గంగాళంలో రంగునీళ్ళు సలసలా కాగుతున్నాయి. పైన అడ్డంగా వేసిన కర్రలకు పట్టు నూలు కట్టలు వేలాడుతున్నాయి. శ్రీరంగప్ప ఒక్కొక్క కర్రనూ ఎత్తి, కట్టను సగం తిప్పి, మళ్ళీ నీళ్ళలోకి దించుతున్నాడు. ఈ చివర నుంచి ఆ చివరకు, ఆ చివర నుంచి ఈ చివరకు. చెయ్యి ఆగిందంటే రంగు ఒకచోట మందంగా, ఒకచోట పలచగా పట్టి చారలు తేలుతాయి. ధర్మవరంలో పదిహేడేళ్ళుగా ఇదే పని. అతను దించిన కట్టలో చార పడిందని ఏ మగ్గం మీదా ఎవరూ అన్నది లేదు. బాగుందని అన్నదీ లేదు. చీరను చూసి మెచ్చుకునేవాళ్ళు నేసినవాడినే తలుచుకుంటారు గానీ, నూలుకు రంగు ఎక్కించినవాడు ఎవరని అడగరు కదా.

మనిషి పొట్టి, బక్క. మోచేతుల దాకా చేతులు మాత్రం జాతరే. ఎడమ చేతి మీద ఊదా, కుడి చేతి మీద పసుపు, గోళ్ళలో పచ్చ. ఏ రోజు ఏ రంగు వేశాడో వీధిలో ఆడవాళ్ళు ఆ గోళ్ళు చూసి చెప్పేసేవాళ్ళు.

ఆ శనివారం అతని కళ్ళు మాటిమాటికీ వాకిలి నీడ మీదికి పోతున్నాయి. చొక్కా జేబులో చిన్నప్ప ఉత్తరం ఉంది. గురువారం వచ్చింది. చిన్నప్ప అతని ఈడువాడు, ఒకే వీధివాడు, పట్టాళంలో హవల్దారు. ఎక్కడో మంచుకొండల మీద కాపలా. ఎక్కడన్నది ఉత్తరంలో రాయకూడదట. అడ్రసులో 56 ఏ.పి.ఓ. అని పట్టాళం పోస్టాఫీసు నంబరే ఉంటుంది.

"రంగా, వచ్చే నెల పదహైదు లోపల కింద క్యాంపుకు చేరితేనే మూటలు పైకి తెస్తారు. ఆ మీదట దారి మూసుకుంటాది. మళ్ళా ఉగాది దాకా ఉత్తరం గూడా రాదు, పోదు. నువ్వేం తొందరపడొద్దు. పంపకున్నా ఏం కాదులే."

ఆ చివరి రెండు మాటలు చదివాకే శ్రీరంగప్పకు తొందర పుట్టింది. చిన్నప్ప ఏదైనా వద్దన్నాడంటే దానికోసం గుటకలు మింగుతున్నాడని అర్థం. చిన్నప్పటి నుంచీ అంతే. పార్సిలు ఆ కొండల కిందికి చేరడానికే రెండు వారాలు పడుతుంది. రేపు ఆదివారం, ఎల్లుండి దసరా సెలవు. ఈ రోజు రెండు గంటలకు పోస్టాఫీసులో సంచి కడతారు. ఈ సంచిలో పడకపోతే ఆరు నెలలు చిన్నప్పకు ఊరి మెతుకు లేదు.

పదకొండు గంటలకు యజమాని బదరీనారాయణ శెట్టి చేతిలో ఎర్ర దారం ముక్క పట్టుకుని వచ్చాడు.

"శ్రీరంగప్పా, ఇదో ఈ మిరపపండు ఎరుపు. పెండ్లి చీర. సాయంత్రానికి నూలు మగ్గం కాడికి పోవల్ల."

"మధ్యానం పోవల్లంటి కదయ్యా. చిన్నప్ప పార్సిలు."

"మంగళవారం పంపితే కొండలేమన్నా లేచిపోతాయా?"

"కొండలు ఆడనే ఉంటాయి, దారి ఉండదు."

శెట్టి నవ్వాడు. "సరే, ఈ రంగు దించి పో. నీ కన్ను తప్ప ఇంకొకరి కన్ను పనికిరాదు దీనికి."

ఆ మాట అతను ముందెప్పుడూ అనలేదు. తొందరలో ఉన్న రోజే అనాలా అనుకుంటూ శ్రీరంగప్ప కొత్త నీళ్ళు పెట్టాడు.

ఆ ఏడు వానల్లేవు. బావి అడుగంటి, ఉన్న నీళ్ళు ఉప్పెక్కాయి. ఆ నీళ్ళలో ఎరుపు ఎర్రగా రానంటుంది. కట్ట కొస నుంచి నాలుగు పోగులు తెంపి ఎండలో ఆరబెట్టి చూస్తే ఇటుక రంగు. అట్లాగే ఇచ్చేసి పోతే సాయంత్రం దాకా ఎవరూ చూడరు. అతను పోగుల వంకా, వాకిలి నీడ వంకా చూశాడు. తరువాత కావడి భుజాన వేసుకుని వీధి కొళాయికి పోయి రెండు బిందెలు మంచినీళ్ళు మోసుకొచ్చాడు. చింతపండు పిసికి పోసి, మళ్ళీ మొదటి కర్ర నుంచి మొదలుపెట్టాడు. ఒంటిగంటకు ఎరుపు మేలుకుంది. కట్టలు నీడన ఆరేసి, సైకిలెక్కాడు. అది తొక్కడం కాదు, దొర్లడమే.

ఇంట్లో భార్య రామాంజినమ్మ చాప మీద అన్నీ పరిచి ఉంది. రెండు డబ్బాల బియ్యప్పిండి నిప్పట్లు, చెనిక్కాయల పొడి, చెనిక్కాయ ఉండలు, రాగిపిండి, ఎండబెట్టిన చింతకాయ తొక్కు, మిరపకాయలు, వెల్లుల్లి. కరువేడు కాబట్టి చెనిక్కాయలు ఒక ఇంట్లోవి కావు. వీధిలో ప్రతి ఇల్లూ ఒక దోసెడు ఇచ్చింది. పక్కన చిన్నప్ప తల్లి తిమ్మమ్మ కొత్త కంబళి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. శ్రీరంగప్ప ఉండల డబ్బా వైపు వంగాడు.

"చేతులు ఎనక్కి పెట్టుకో," అంది రామాంజినమ్మ.

అతను చేతులు వెనక్కి కట్టుకున్నాడు. తన ఇంట్లో, తన స్నేహితుడి పార్సిలులో, ఒక్క వస్తువూ ముట్టుకునే హక్కు అతనికి లేదు. అది రెండేళ్ళ కిందట పోయింది. అప్పుడు ఊదా రంగు దించి, ఆత్రంకొద్దీ వచ్చి చెనిక్కాయ ఉండలు తనే చుట్టాడు. వేడి బెల్లం, తడి చేతులు. నెల తరువాత ఉత్తరం వచ్చింది. పొద్దున్నే కవాతులో ముప్పై మందికి మూతులు ఊదాగా ఉన్నాయట. ఇదేదో కొత్త రోగమని డాక్టరు అందరినీ వరుసగా నిలబెట్టి నాలుకలు చాపించాడట. చిన్నప్ప నాలుక చాపి, "సార్, ఇది మా రంగడి చెయ్యి," అన్నాడట. అప్పటి నుంచి ఆ కంపెనీలో పంజాబువాడైనా, బెంగాలువాడైనా పార్సిలు వస్తే చాలు, రంగ్‌వాలా ఏం పంపాడని అడుగుతారట.

"ఈ తూరి ఏం రంగు దించినావు నాయనా?" అంది తిమ్మమ్మ.

"ఎరుపు పెద్దమ్మా."

"ఎరుపైతే మేలే. తమలపాకులు ఏసినారనుకుంటారు."

ముగ్గురూ నవ్వారు. రామాంజినమ్మ నవ్వుతూనే డబ్బాల సందుల్లో రాగిపిండి పొట్లాలు కూరింది. పైన కంబళి చుట్టింది. ఆ తరువాత పని మాత్రం అతనిదే. పార్సిలుకు బయట గుడ్డ కుట్టాలి. అది తినేది కాదు కాబట్టి చేతులు ముందుకు తీసుకోనిచ్చారు. సూది తీసుకుని తెల్ల గుడ్డను మూట చుట్టూ బిగించి కుట్టసాగాడు. ఎంత తుడుచుకున్నా గుడ్డ మీద ఎర్ర వేలిముద్రలు పడుతూనే ఉన్నాయి.

"ఇద్దరూ ఒకే దినం పోయినారు అనంతపురానికి, పట్టాళంలో చేరేకి," అంది తిమ్మమ్మ, ఎన్నోసారో చెబుతూ. "మా వాణ్ణి తీసుకున్యారు. నిన్ను పంపించేసినారు."

"ఛాతీ అంగుళం తక్కువొచ్చె కదా పెద్దమ్మా. గాలి పీల్చు, పీల్చు అని మూడు తూర్లు కొలిచినారు. ఎంత పీల్చినా అంతే."

"ఆ అంగుళం నా పాలిట దేవుడు," అంది రామాంజినమ్మ, వంచిన తల ఎత్తకుండా.

శ్రీరంగప్ప కుట్టు ఆపి ఆమె వంక చూశాడు. పెళ్ళై పదిహేనేళ్ళలో ఆమె అట్లాంటి మాట అనడం అదే మొదలు. ఈ రోజు ఏమైంది అందరికీ అనుకున్నాడు. సిగ్గుపడి, సూది వేలికి గుచ్చుకున్నాడు.

"నీళ్ళు తాగి వస్తా," అని పెరట్లోకి పోయి, చొక్కా కింద ఏదో దాచుకుని వచ్చి, ఆడవాళ్ళు మాటల్లో ఉండగా మూట కొసలో దోపి, గబగబా చివరి కుట్టు వేసేశాడు.

పోస్టాఫీసు చేరేసరికి రెండుకు పది నిమిషాలు. గుమాస్తా మల్లికార్జునయ్య కిటికీ అవతల సంచి నోరు పట్టుకుని ఉన్నాడు. గుడ్డ మీది వేళ్ళ గుర్తులు చూసి తలాడించాడు.

"వచ్చినావా రంగా. ఇట్ల పెట్టు."

తూకం మీద పెడితే ముల్లు పది దాటిపోయింది. మల్లికార్జునయ్య కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూశాడు.

"పది కిలోల దాకానే లెక్క. ఇది కిలోన్నర ఎక్కువ. తీసుకోనప్పా."

"సార్, ఇంగ పది నిమిషాలే ఉండాది."

"నాకు తెలుసు. నువ్వు మాట్లాడతాండేది గూడా ఆ పదిలోనే పోతాది."

శ్రీరంగప్ప అరుగు మీద కూర్చుని పళ్ళతో కుట్టు తెంపాడు. నిప్పట్లు తీయాలా? అవి వీధి మొత్తం చేసినవి. కంబళి తిమ్మమ్మది. పొడి రామాంజినమ్మ రెండు రోజులు దంచింది. మూటలో అతనిదంటూ ఉన్నది ఒక్కటే. చెయ్యి లోపలికి పోనిచ్చి దాన్ని బయటికి లాగాడు. రెండు గుప్పిళ్ళంత నల్లరాతి రోలు, దానిలోకి బొటనవేలంత గుండ్రాయి.

మల్లికార్జునయ్య కిటికీలోంచి మెడ చాచాడు.

"ఏందప్పా ఇది. హిమాలయాలకు రాయి పంపుతాండావా? ఆడ రాళ్ళు లేవా?"

"ఉండొచ్చు సార్. రోలు ఉండదు కదా." శ్రీరంగప్ప తల గోక్కున్నాడు. "ఆ చలికి ఎల్లిగడ్డ గట్టిగా రాయైపోతాదంట. బూటు కింద పెట్టి తొక్కి కూరలో ఏసుకుంటాండామని రాసినాడు. బూటు కింద తొక్కిన ఎల్లిగడ్డ తినొచ్చునా సార్? రాళ్ళు కొట్టే మారెక్కకు చెప్పి, చిన్నదిగా కొట్టించినా. ఇంట్లో తెలిస్తే నవ్వుతారని దాచినా."

మల్లికార్జునయ్య నవ్వబోయి, నవ్వలేదు. గోడ గడియారం వంక చూసి, సంచి తాడు వదిలేసి, సూదీ దారం బయటికి తోసి, లక్క కర్ర దీపానికి పట్టాడు.

"కుట్టు. నువ్వు కుట్టుకుంటా రా, నేను ఎనకనే ముద్ర ఏసుకుంటా వస్తా. బిన్నా కానీ."

ఒకరు సూది, ఒకరు లక్క. కుట్టు మీద కుట్టు, బొట్టు మీద ముద్ర. రెండుకు ఇంకా ఒక్క నిమిషం ఉండగా మూట సంచిలో పడింది. ముల్లు తొమ్మిదిన్నర మీద ఆగిందని మల్లికార్జునయ్య కావాలని రెండుసార్లు చెప్పాడు. ఎర్ర బండి వచ్చి, సంచి ఎక్కించుకుని, స్టేషన్ వైపు దుమ్ము లేపుకుంటూ పోయింది. శ్రీరంగప్ప ఆ దుమ్ములో నిలబడి, తనే బండెక్కి కొండలకు పోతున్నట్టు చెయ్యి ఊపాడు. బండి తోలేవాడు కూడా ఎవరికో తెలియక, చెయ్యి ఊపాడు.

"నీ రాయి మర్చిపోయినావే," అన్నాడు మల్లికార్జునయ్య.

"ఈడనే ఉండనీ సార్. ఇంటికి తీసకపోతే నవ్వుతారు. ఉగాదికి దారి తెరుస్తారు కదా, మొదటి పార్సిల్లో దీన్నే అడుగున పెడతా. బరువు చూసుకుని మిగతావి ఏస్తా."

ఈల వేసుకుంటూ సైకిలెక్కాడు. దారిలో ఆరేసిన ఎర్ర నూలు చూద్దామని శెట్టి ఇంటి మీదుగా పోయాడు. మధ్యాహ్నపు వెలుగులో కట్టలు మిరపపండ్ల గుత్తుల్లా ఉన్నాయి. ఎంతసేపు నిలబడ్డాడో అతనికే తెలియదు.

పార్సిలు పదమూడో తేదీన చేరిందని, కంబళి నాకు, నిప్పట్లు అందరికీ అని చిన్నప్ప రాసిన కార్డు దీపావళి నాటికి వచ్చింది. దారి మూసుకోకముందు కిందికి దిగిన చివరి ఉత్తరం అది. శ్రీరంగప్ప దాన్ని వీధిలో ప్రతి గడపలోనూ చదివాడు.

మాఘమాసంలో ఒక మధ్యాహ్నం, గంగాళం కింద మంట తగ్గించి, నీళ్ళు గోరువెచ్చన అయ్యేదాకా కూర్చుంటానని గోడకు ఆనుకున్నాడు. మళ్ళీ లేవలేదు. ఆ ముందు రాత్రి గుండెలో పట్టినట్టుందని అన్నాడట, అంతే. కర్రల మీది కట్టలన్నీ అప్పటికే దించి ఆరేసి ఉన్నాయి. ఒక్క దాని మీదా చార లేదు.

రామాంజినమ్మ కార్డు రాయించింది. అది కొండల కింద క్యాంపులో ఆగిపోయింది. పైన పదకొండుమంది జవాన్లు ఉగాది దాకా చెనిక్కాయల పొడి పొదుపుగా కలుపుకుని తిన్నారు. తిన్నప్పుడల్లా చిన్నప్ప ఊదా నాలుకల కథ మళ్ళీ చెప్పాడు, వాళ్ళు మళ్ళీ నవ్వారు. వాళ్ళ దృష్టిలో ఆ చలికాలమంతా రంగ్‌వాలా ధర్మవరంలో కర్రలు తిప్పుతూ, మంచు కరిగే రోజు కోసం చూస్తూనే ఉన్నాడు.

పోస్టాఫీసు కిటికీ గట్టు మీద మల్లికార్జునయ్య రోజూ దుమ్ము తుడుస్తాడు. బంక పోసుకోవడానికి బాగుంటుందని ఎవరో అంటే, "అది తినేదానికి పెట్టుకునేది," అన్నాడు. ఒక్క వెల్లుల్లి రెబ్బ కూడా నలగని ఆ నల్లరాతి రోలు, గుండ్రాయిని ఒళ్ళో పెట్టుకుని, ఒక అంచున ఎర్రటి వేలిముద్రతో అక్కడే ఉంది.