రానివాళ్ళ జాబితా

టైల్స్ దుకాణం పైన, మొదటి అంతస్తులో ఉన్న జిమ్ మాస్టారిది. ఒకప్పుడు బరువులెత్తే పోటీల్లో కప్పులు గెలిచిన మనిషి. ఆ రోజుల ఫోటో ఒకటి మెట్ల దగ్గర గోడకు ఉండేది. కొత్తగా చేరడానికి వచ్చినవాళ్ళు ఆ ఫోటోనీ, బల్ల వెనక కూర్చున్న ఆయన్నీ మార్చి మార్చి చూసి, ఫోటోలో ఉన్నది మీ తమ్ముడా అని అడిగేవారు. మాస్టారు అవునని తలూపేవారు. ఆ తమ్ముణ్ణి ఈయనే మింగేశాడని పక్క నుంచి ఆయన భార్య చెప్పేది.

ఆ ఏడాది ఫిజియోథెరపీ చదువు ముగించిన మేనకోడలు వాళ్ళింట్లోనే ఉంటూ అక్కడ పనికి చేరింది. మాస్టారికి పిల్లలు లేరు. ఈ పిల్లను చిన్నప్పుడు మెడ మీద ఎక్కించుకుని బస్కీలు తీసేవారు. తను కిందికి దిగనని మారాం చేస్తే ఇంకో యాభై తీసేవారు. అందుకని ఆమె పనికి వస్తానంటే ఆయనకు ఏనుగెక్కినంత సంబరమైంది. బల్ల పక్కన ఇంకో కుర్చీ వేయించి, కంప్యూటర్ ఆమె చేతికి అప్పగించారు.

మొదటి వారంలోనే ఆ అమ్మాయికి ఒక సందేహం వచ్చింది. కంప్యూటర్‌లో సభ్యులు నాలుగు వందల పైచిలుకు ఉన్నారు. రోజూ మెట్లెక్కి వచ్చేవాళ్ళు డెబ్బై దాటడం లేదు. ముందు కంప్యూటర్ చెడిపోయిందేమో అనుకుంది. తర్వాత ఒక నోటు పుస్తకం తీసి, ఏడాది డబ్బు కట్టేసి రెండు నెలలుగా కనిపించనివాళ్ళ పేర్లన్నీ రాసుకుంది. పుస్తకం సగం నిండింది. మర్నాటి నుంచి ఒక్కొక్కరికీ ఫోన్ చేయడం మొదలుపెట్టింది.

జిమ్ నుంచి ఫోన్ అనగానే అందరూ డబ్బు కోసమే అనుకున్నారు. కొందరు మాట పూర్తికాకుండానే పెట్టేశారు. ఇంకేమీ కట్టక్కర్లేదండీ, కట్టేశారు కాబట్టే రమ్మంటున్నాను అని ఆమె చెబితే నమ్మడానికి కొంచెం సమయం పట్టేది. నమ్మాక మాత్రం మనసు విప్పి మాట్లాడేవారు. తన డ్యూటీ మధ్యాహ్నం ఒంటిగంటకు దిగుతుందనీ, జిమ్ పదింటికి తాళం వేస్తే మళ్ళీ నాలుగింటికి గాని తీయరనీ, ఎప్పుడు రమ్మంటారనీ ఒక బస్సు డ్రైవరు అడిగాడు. కండలు తిరిగిన కుర్రాళ్ళ మధ్య ఆ పెద్ద అద్దం ముందు నిలబడితే తన ఒళ్ళు తనకే పరాయిగా అనిపించిందని ఒక పంతులమ్మ చెప్పింది. గడియారాలు బాగుచేసే ముసలాయన ఒకరు, నాలుగో రోజు నేను రాకపోతే ఎందుకు రాలేదని అక్కడ అడిగినవాడు లేడమ్మా అన్నారు. బద్ధకం అని చెప్పినవాళ్ళు ఇద్దరో ముగ్గురో. అన్నీ ఆమె పేర్ల పక్కనే రాసుకుంది.

పక్క వీధిలో బట్టలు కుట్టే టైలరమ్మది ఇంకో కథ. మూడు రోజులు వచ్చిందట. నాలుగో రోజు భుజం పట్టేసి మానేసింది. అయిదో రోజు, నిన్న మానేశానే అన్న సిగ్గుతో మానేసింది. ఆ తర్వాత జిమ్ ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే, మాస్టారి కంట పడకుండా రోడ్డు అవతలి వైపు నడవడం అలవాటైంది.

"డబ్బు కట్టిందీ నేనే, మొహం చాటేసిందీ నేనే. నాకే నవ్వొస్తుంది అమ్మాయ్," అంది ఆవిడ.

మేనకోడలు ఆవిణ్ణి రప్పించింది. ఇరవై ఆరేళ్ళు మిషను మీద వంగి పనిచేసిన భుజం అది. చెయ్యి చెవి దాటి పైకి లేవడం లేదు. మొదటి మూడు రోజులూ ఆవిడ చేత లాగించిన బరువు, ఆ భుజంతో అసలు లాగకూడనిది. మేనకోడలు ఆ యంత్రం జోలికి పోనివ్వకుండా ఒక కర్ర, ఒక తువ్వాలు, ఒక గోడ మాత్రం చూపించింది. గోడ మీద వేళ్ళను మెల్లగా పైకి నడిపించమంది. రోజుకు వేలెడు ఎత్తు ఎక్కితే చాలంది. టైలరమ్మ కళ్ళజోడు తీసి బూటులో దాచుకుని, పంటి బిగువున వేళ్ళు నడిపించేది.

మూడు వారాలు గడిచేసరికి జాబితాలో సగం మంది వచ్చేశారు. సాయంత్రం ఆరింటికి ఇసుక వేస్తే రాలనట్టు ఉండేది జిమ్. పరుగు మిషను దగ్గర వరస, బరువుల దగ్గర వరస, చివరికి మంచినీళ్ళ దగ్గర కూడా వరస. సైకిలు పెడలు ఊడిపోయింది. రోజూ వచ్చే కుర్రాళ్ళు, ఇది జిమ్మా బస్టాండా అని మాస్టారి దగ్గర గునిశారు. మొదట్లో జనాన్ని చూసి మురిసిపోయిన మాస్టారు తర్వాత తల పట్టుకున్నారు. ఒకరోజు పదింటికి తాళం వేశాక మేనకోడల్ని ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు.

"ఈ గదిలో అరవై మంది పడతారు తల్లీ. నాలుగు వందల మంది కడితేనే అద్దె, కరెంటు, మన తిండి. అందరూ వస్తే నిలబడ్డానికి చోటుండదు. ఏ జిమ్ అయినా ఇంతే. రానివాళ్ళే మనల్ని పోషిస్తున్నారు."

ఆ అమ్మాయి నోటు పుస్తకం పేజీలు తిరగేసింది. తర్వాత అడిగింది.

"అయితే వాళ్ళు రాకూడదనా మామయ్యా నువ్వు కోరుకునేది?"

"రాకూడదని కోరుకోను. వస్తారని అనుకోను. అంతే."

"వాళ్ళు మాత్రం వద్దామనే కదా కట్టింది."

జవాబు లేనప్పుడు మాస్టారు గొంతు పెంచేవారు. ఇక ఎవరికీ ఫోన్లు చేయొద్దని గట్టిగా చెప్పేశారు. మేనకోడలు నోటు పుస్తకం ఆయన ముందు పెట్టి లేచి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత పనికి సంబంధించిన మాట తప్ప ఇంకో మాట లేదు ఆమె నోట. భోజనాల దగ్గర తల వంచుకుని తినేసి లేచేది. నోట్లో ముద్ద ఉండగానే నలుగురి కబుర్లు చెప్పే పిల్ల అలా ఉంటే ఇంట్లో ఫ్యాను చప్పుడు కూడా వినిపించేది. మీరు పెట్టిన చిచ్చు మీరే ఆర్పుకోండి, నన్ను మధ్యకు లాగొద్దు అని భార్య చెప్పేసింది.

ఫోన్లు ఆగాయి. జనం వాళ్ళంతట వాళ్ళే పలచబడ్డారు. నెల తిరిగేసరికి మళ్ళీ డెబ్బై. మాస్టారు ఊపిరి పీల్చుకోవాలి నిజానికి. కాని ఆ మూడు వారాల్లో ఆయనకు తెలియకుండానే ఒక అలవాటు పట్టుకుంది. ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో కళ్ళు వెతికేవి. టైలరమ్మ ఎనిమిది రోజులుగా రావడం లేదని ఆయనే కనిపెట్టారు. ఏమైందని మేనకోడల్ని అడిగితే, ఫోన్ చేయొద్దన్నావుగా అని కంప్యూటర్ నుంచి తల తిప్పకుండా చెప్పింది.

తనే చేద్దామని రెండుసార్లు ఫోన్ తీశారు మాస్టారు. ఏమని మాట్లాడాలో తోచలేదు. చివరికి బొత్తాం పట్టని ప్యాంటు ఒకటి సంచిలో పెట్టుకుని, మధ్యాహ్నం పూట ఆవిడ దుకాణానికి బయలుదేరారు.

దుకాణం చిన్నది. వీధి నుంచి మూడు మెట్లు. లోపల నేల మీద కత్తిరింపు ముక్కలు, బల్ల మీద స్కూలు యూనిఫారాల గుట్ట. టైలరమ్మ కుడి మోచేతిని ఎడమ చేత్తో పట్టుకుని కత్తెర ఆడిస్తోంది. పెద్ద ఆర్డరు పడిందనీ, రెండు వారాలుగా తల ఎత్తలేదనీ, భుజం మళ్ళీ మొదటికొచ్చిందనీ, ఈసారి కూడా మొహం చెల్లక రాలేదనీ చెప్పింది. మాస్టారు ప్యాంటు చేతికిచ్చి, నడుం దగ్గర కొంచెం వదులు చేయమన్నారు. ఆవిడ కుట్టు తిరగేసి చూసి, వదలడానికి ఇందులో ఇక బట్ట లేదంది. కొత్తది కుట్టించుకోవాల్సిందేనంటూ అటక మీది కొలతల పుస్తకం ఆయన చేతే దింపించింది.

అందులో మాస్టారి నడుం కొలత మూడుసార్లు రాసి ఉంది. మొదటిది ముప్పై నాలుగు. తర్వాత ముప్పై ఎనిమిది. ఆ తర్వాత నలభై రెండు. ఇప్పుడు ఆవిడ టేపు చుట్టి చూస్తే నలభై ఆరు.

టేపు పాతదై సాగిపోయి ఉంటుందన్నారు మాస్టారు.

"సాగితే తక్కువ చూపించాలి కదా మాస్టారూ," అంది ఆవిడ. టేపు మెడలో వేసుకుని ఒక క్షణం ఆయన వైపు చూసింది. "మీరొచ్చి పది నిమిషాలైంది. ఎక్కింది మూడు మెట్లు. ఇంకా ఆయాసం తగ్గలేదు మీకు."

మాస్టారు నవ్వేయబోయారు. ఆవిడ నవ్వలేదు. మనిషి దగ్గరగా నిలబడి కొలతలు తీస్తాను కాబట్టి ఊపిరి చప్పుడు తెలుస్తుందని చెప్పింది. ఇలాగే ఆయాసపడుతూ వచ్చిన ఒకాయనకు కోటు కుట్టిందట. అది ఇప్పటికీ ఆ మూల కొక్కేనికే ఉంది. తీసుకెళ్ళడానికి ఆయన రాలేదు.

"ఇంకో ప్యాంటు కుట్టి ఇస్తే నాకు లాభమే. ఏటా ఒకటి కుట్టినా లాభమే. కానీ ముందు డాక్టరుకి చూపించుకుని రండి. అప్పటిదాకా మీ బట్ట మీద కత్తెర పెట్టను."

మాస్టారు సంచి సర్దుకుని మెట్లు దిగారు. వీధి చివరిదాకా వచ్చి ఆగిపోయారు. పదిహేనేళ్ళుగా జిమ్ నడుపుతున్నారు. ముందు డాక్టరుకి చూపించుకో, ఆ తర్వాతే నీ డబ్బు తీసుకుంటానని ఆయన ఎవ్వరితోనూ అనలేదు. ఆవిడ భుజాన్ని కూడా చూడకుండానే రసీదు చింపి ఇచ్చారు. ఆ తలపు ఆయనకు చెంపదెబ్బలా తగిలింది.

మర్నాడు మేనకోడలే ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. రక్తపోటు బాగా ఎక్కువుంది. మాత్రలు రాసి, ఉప్పు తగ్గించమని, రోజూ ఒళ్ళు కదిలించమని చెప్పాడు డాక్టరు. చివర్లో ఏం చేస్తుంటారని అడిగాడు. మాస్టారు గొంతు సవరించుకుని, వ్యాపారం అన్నారు. మేనకోడలు మందుల చీటీ తీసుకుని లేచింది. స్కూటరు మీద సగం దూరం వచ్చాక ఆమె భుజాలు అదరడం చూసి, ఏడుస్తోందేమోనని మాస్టారు కంగారుపడ్డారు. ఆ పిల్ల నవ్వుతోంది. అలా నవ్వు చూసి ఎన్నాళ్ళైందో. స్కూటరు పక్కకు ఆపించి, ఆయన కూడా కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. పుస్తకం తిరిగి ఇచ్చేస్తాను, తీసుకుంటావా అని అడిగారు. సగం పేజీలు నువ్వు ఫోన్ చేస్తే తీసుకుంటానంది.

దారి చూపించింది కూడా ఆ పుస్తకమే. బస్సు డ్రైవరు అన్న మాట మీద వాళ్ళిద్దరూ తాళం వేసి ఉండే ఆరు గంటల గురించి ఆలోచించారు. పదకొండు నుంచి మూడింటిదాకా తలుపు తీసి, ఆ వేళను మేనకోడలికి అప్పగించారు. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు, భుజాలు పట్టేసినవాళ్ళు, పంతులమ్మలా అద్దానికి జడిసేవాళ్ళు అప్పుడు రావచ్చు. అద్దం మీదికి టైలరమ్మ ఒక తెర కుట్టి తెచ్చింది. మధ్యాహ్నం వేసి, సాయంత్రం తీసేవారు. మాస్టారు బల్ల దగ్గర కూర్చుని ఒక్కో పేరుకూ ఫోన్ చేసేవారు. మొదటి పది మందితో తడబడ్డారు. తర్వాత ఎవరి మోకాలు ఎలా ఉందో, ఎవరి మనవరాలికి పళ్ళు వచ్చాయో కూడా ఆయనకు నోటికి వచ్చేసింది.

ఏడాది డబ్బు ఒకేసారి కట్టించుకోవడం మానేశారు. ఏ నెలకు ఆ నెలే. దాంతో ఇబ్బంది పడలేదని చెబితే అబద్ధమవుతుంది. కూడలిలో కొత్తగా తెరిచిన పెద్ద జిమ్‌కు కుర్రాళ్ళు పదకొండు మంది వెళ్ళిపోయారు. రెండు ఖరీదైన యంత్రాలు అమ్మేయాల్సి వచ్చింది. భార్య నాలుగు నెలలు మొహం ముడుచుకునే ఉంది. తర్వాత, వచ్చినవాళ్ళు మానకుండా వస్తూ, నెల నెలా కడుతూ ఉంటే, అద్దె డబ్బుకు వెతుక్కోవాల్సిన అవసరం లేదని తేలింది. మిగులు మాత్రం మునుపటంత లేదు. ఆ మాట ఆవిడ అడపాదడపా ఆయన చెవిన వేసేది. తనూ మధ్యాహ్నం వచ్చి, నడుం నొప్పికి చాప మీద పడుకునేది.

మాస్టారు చివరి వరసలో టైలరమ్మ పక్కన నిలబడేవారు. మేనకోడలు మామయ్య కదా అని మొహమాటపడేది కాదు. మోకాలు ఇంకా వంచు, ఊపిరి బిగపట్టకు, కబుర్లు తర్వాత అని అందరి ముందూ గదమాయించేది. ఆయనకు అది లోలోపల ఎంతో ఇష్టంగా ఉండేది. పోటీల రోజుల్లో కూడా తనని ఇంత శ్రద్ధగా గమనించినవాళ్ళు లేరని ఒకసారి భార్యతో అన్నారు.

ఒకరోజు టాక్సీ నడిపే అతను ఒకడు వచ్చాడు. మోకాలు నొప్పి, బరువు తగ్గాలి, ఏడాదికి కట్టేస్తానని డబ్బు బల్ల మీద పెట్టాడు. మాస్టారు ఆ డబ్బు ముట్టుకోలేదు. రోజుకు ఎన్ని గంటలు నడుపుతారని అడిగారు. పద్నాలుగు అన్నాడతను. అయితే ముందు వారానికి రెండు రోజులు వచ్చి చూడండి, కుదిరితే నెలకు కడుదురుగాని అన్నారు మాస్టారు. టాక్సీ అతను అనుమానంగా చూశాడు. ఇందులో ఏదో మెలిక ఉందనుకున్నాడో ఏమో, డబ్బు తీసి జేబులో పెట్టుకుని, కూడలిలోని పెద్ద జిమ్ వైపు నడిచాడు.

మాస్టారు కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు అటే చూశారు. మేనకోడలు పక్కకు వచ్చింది.

"బాధగా ఉందా మామయ్యా?"

"ఉండదా మరి. ఏడాది డబ్బు."

ఆమె ఆయన చేతిలో చెయ్యి వేసింది. కాసేపటికి ఆయన కిటికీ మూసి, బూట్ల తాళ్ళు బిగించుకోవడానికి వంగారు.

"కుంటుతున్నాడు చూశావా, ఎడమ మోకాలు. వచ్చే వారం టాక్సీ స్టాండుదాకా నడుచుకుంటూ వెళ్ళి, ఎలా ఉందో చూసొస్తాను. నాకూ నడకే కదా."